ఇంట్లో నెట్ ఆగిపోతే: తెగిన చోటును వెతికి పట్టుకునే పద్ధతి

ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోగానే చాలామంది చేసే మొదటి పని రౌటర్ స్విచ్ ఆపి మళ్లీ వేయడం. కొన్నిసార్లు దానితోనే పని జరిగిపోతుంది కాబట్టి అది తప్పని అనలేం. అయితే ఎందుకు ఆగిందో తెలియకుండా తిరిగి వచ్చిన కనెక్షన్ రెండు రోజులకో వారానికో అదే తీరులో మళ్లీ ఆగుతుంది. అప్పుడు మన చేతిలో కిందటిసారి ఉన్నంత సమాచారం కూడా ఉండదు. అందుకే స్విచ్ మీద చేయి వేయడానికి ముందు ఐదు నిమిషాలు చూడటానికి కేటాయించమని నా సలహా. దారి ఏ చోట తెగిందో తెలిస్తే బాగుచేసే పని సగం అయిపోయినట్టే.

మీ ఫోన్ నుంచి ఒక వెబ్‌సైట్ దాకా సమాచారం కొన్ని మజిలీలు దాటుకుంటూ వెళ్తుంది. ముందు ఫోన్ నుంచి వైఫై ద్వారా రౌటర్‌కు, అక్కడి నుంచి మోడెమ్‌కు లేదా ఫైబర్ డబ్బాకు, దాని నుంచి వైరు మీదుగా సర్వీస్ ఇచ్చే సంస్థ దగ్గరకు, అక్కడి నుంచి బయటి ప్రపంచానికి. చాలా ఇళ్లలో రౌటర్, ఫైబర్ డబ్బా రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి గానీ వాటి పనులు మాత్రం వేరు. ఈ దారిలో ఏ మజిలీ దగ్గర ఆగినా మనకు తెర మీద కనిపించేది ఒకటే: పేజీ తెరుచుకోదు. కాబట్టి మనకు దగ్గరగా ఉన్న మజిలీతో మొదలుపెట్టి ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ బయటికి వెళ్లాలి.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. రౌటర్ వెనక సూదిమొన పట్టేంత చిన్న రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. దాన్ని ఈ దశలో ముట్టుకోవద్దు. అది రౌటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసే బటన్ కాదు, అందులోని అమరికలన్నీ చెరిపేసే బటన్. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందుగా వేసుకోవలసిన ప్రశ్నలు

సమస్య ఒక్క పరికరంలోనా, ఇంట్లోని అన్నింటిలోనా? ఫోన్లో రాకపోయినా ల్యాప్‌టాప్‌లో వస్తుంటే మోడెమ్, బయటి లైను బాగున్నట్టే. తప్పు చాలావరకు ఆ ఫోన్లోనో, దానికీ రౌటర్‌కూ మధ్యో ఉంటుంది. ఒక్క వెబ్‌సైట్ మాత్రమే తెరుచుకోవడం లేదా, ఏదీ తెరుచుకోవడం లేదా? ఒక్కటే అయితే ఆ సైటే పనిచేయడం లేదేమో, మొబైల్ డేటాతో తెరిచి చూడండి. వైఫైలో రానిది కేబుల్ పెడితే వస్తోందా? వస్తే వెతకాల్సింది వైఫైలోనే. పూర్తిగా ఆగిందా, లేక వచ్చి పోతోందా? వచ్చి పోతుంటే ఏ వేళల్లో, ఏ పని చేస్తున్నప్పుడు?

ఈ నాలుగింటి జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. ముఖ్యంగా వచ్చి పోయే సమస్యల్లో, తేదీ, సమయం రాసిన చిన్న పట్టిక ఎంత ఖరీదైన పరికరమూ చెప్పలేని విషయాన్ని చెబుతుంది.

లైట్లు ఏం చెబుతున్నాయి

ఫైబర్ కనెక్షన్ ఉన్నవారు డబ్బా మీద ముఖ్యంగా రెండు లైట్లు చూడాలి. పాన్ (PON) అని రాసి ఉన్నది నిలకడగా వెలుగుతుంటే డబ్బాకూ సంస్థ పరికరానికీ మధ్య సంబంధం కుదిరినట్టు; అదే పనిగా మిణుకుమంటుంటే ఇంకా ప్రయత్నిస్తున్నట్టు. ఎల్ఓఎస్ అని రాసి ఉన్నది ఎర్రగా వెలిగితే లైనులో కాంతి సంకేతం అందడం లేదని అర్థం. అప్పుడు మీ ఫోన్లో, వైఫైలో ఎంత వెతికినా ఫలితం ఉండదు. డబ్బాలోకి వెళ్లే సన్నటి ఫైబర్ తీగ ఎక్కడైనా మడత పడిందా, తలుపు సందులో నలిగిందా, కుర్చీ కాలి కింద చిక్కుకుందా అని మాత్రం చూడండి. లోపల ఉన్నది గాజు పోగు కాబట్టి అది రాగి తీగలాగా వంపులను ఓర్చుకోదు. బాగా ఒంపు తిరిగితే కాంతి పక్కకు కారిపోతుంది. తీగను వదులుగా, పెద్ద చుట్టలాగా పెట్టాలి.

ఆ తీగను ఊడదీసి కొనలోకి కంటితో చూడకండి. అందులో ప్రయాణించే కాంతి పరారుణ లేజర్, కంటికి కనిపించదు కాబట్టి ఏమీ లేదనుకునే ప్రమాదం ఉంది. కొనను వేలితో ముట్టినా మురికి అంటుకుని సంకేతం బలహీనపడుతుంది.

పాన్ లైటు సరిగానే ఉండి, రౌటర్ మీద ఇంటర్నెట్ లైటు మాత్రం ఆరిపోయి లేదా ఎర్రగా ఉంటే, లైను బాగుంది గానీ లాగిన్ కుదరలేదని అనుమానించాలి. చాలా సంస్థలు పీపీపీఓఈ అనే పద్ధతిలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి కనెక్షన్ ఇస్తాయి. గడువు ముగిసిన ప్లాన్, మారిన పాస్‌వర్డ్, సంస్థ దగ్గరి లోపం, మూడూ ఇక్కడ ఒకేలా కనిపిస్తాయి. ముందు బిల్లు గడువు చూసుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

ఆపి మళ్లీ వేసే సరైన తీరు

లైట్లు చూసి రాసుకున్నాక ఇప్పుడు ఆపవచ్చు. మోడెమ్, రౌటర్ విడివిడిగా ఉంటే రెండింటి ప్లగ్గులూ తీసి, అర నిమిషం ఆగి, ముందు మోడెమ్‌కు కరెంటు ఇచ్చి దాని లైట్లు నిలకడగా వెలిగేదాకా ఆగండి. ఆ తర్వాతే రౌటర్. మోడెమ్ సిద్ధం కాకముందే రౌటర్ లేస్తే కొన్ని రౌటర్లకు బయటి చిరునామా దొరక్క అలాగే ఉండిపోతాయి. మొత్తం మీద మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, తొందరపడి మధ్యలో మళ్లీ ఆపకండి.

ఇక్కడ ఎవరూ అనుమానించని ఒక వస్తువు గురించి చెప్పాలి. మా బంధువుల ఇంట్లో రోజూ సాయంత్రం రౌటర్ దానంతట అదే ఆగి మళ్లీ లేచేది. పగలు ఒకరే వాడినప్పుడు బాగుండేది. రాత్రి టీవీ, ల్యాప్‌టాప్, మూడు ఫోన్లు కలిసేసరికి లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగేవి. లైను మార్చారు, రౌటర్ మార్చాలని కూడా అనుకున్నారు. చివరికి తప్పు అడాప్టర్‌లో తేలింది. ఏళ్ల తరబడి వేడెక్కిన అడాప్టర్ కొద్దిపాటి పనికి సరిపోయే కరెంటు ఇచ్చేది గానీ, రౌటర్ మీద భారం పెరగగానే చాలినంత ఇవ్వలేకపోయేది. మీ ఇంట్లోనూ రౌటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంటే అడాప్టర్ మీద అచ్చువేసిన అంకెలు చదవండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే, కొత్తది కూడా కచ్చితంగా 12 వోల్టులదే కావాలి. ఆంపియర్లు 1 గానీ అంతకు ఎక్కువ గానీ ఉండవచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్ను లోపలి భాగం ప్లస్సా మైనస్సా అని చూపే చిన్న గుర్తు కూడా రెండింటి మీదా ఒకేలా ఉండాలి.

ఎక్కడ తెగిందో పింగ్‌తో తేల్చడం

ఇది ఈ పద్ధతి మొత్తానికి గుండెకాయ. పింగ్ అంటే ఒక చిరునామాకు చిన్న సందేశం పంపి, జవాబు వస్తుందో లేదో, వస్తే ఎన్ని మిల్లీసెకండ్లకు వస్తుందో చూడటం. విండోస్‌లో స్టార్ట్ మెనూలో సీఎండీ అని టైపు చేస్తే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. మ్యాక్‌లోనూ లైనక్స్‌లోనూ టెర్మినల్ తెరవాలి. కింద చెప్పే ఆదేశాలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి.

ముందు విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. వచ్చే వరుసల్లో మనకు కావలసినవి రెండు: ఐపీవీ4 అడ్రస్ ఎదురుగా ఉన్నది మీ కంప్యూటర్ చిరునామా, డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్నది రౌటర్ చిరునామా. ఫోన్లో అయితే వైఫై సెట్టింగుల్లో మీ నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే ఇవే వివరాలు కనిపిస్తాయి. మామూలుగా ఇళ్లలో చిరునామాలు 192.168 తో గానీ 10 తో గానీ మొదలవుతాయి. మీ చిరునామా 169.254 తో మొదలైతే అక్కడే ఆగండి. రౌటర్ నుంచి చిరునామా అందక, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందన్నమాట. ఈ స్థితిలో బయటి లైనును అనుమానించనవసరం లేదు; లోపం మీ పరికరానికీ రౌటర్‌కూ మధ్యే ఉంది.

చిరునామా సరిగానే ఉంటే మూడు పరీక్షలు చేయాలి. మొదటిది, పింగ్ అని రాసి ఒక ఖాళీ వదిలి గేట్‌వే చిరునామా ఇవ్వండి, ఉదాహరణకు 192.168.1.1. కేబుల్ మీద ఒకటి రెండు మిల్లీసెకండ్లలోపు, వైఫై మీద సాధారణంగా పది లోపు జవాబులు రావాలి. రాకపోతే, లేదా ఒకసారి 3 మరోసారి 400 అంటూ ఎగుడుదిగుడుగా వస్తుంటే తప్పు వైఫైలోనో కేబుల్‌లోనో ఉంది. రెండోది, గూగుల్ 2009 నుంచి నడుపుతున్న పేర్ల సేవ (డీఎన్ఎస్) చిరునామా 8.8.8.8 కు పింగ్ చేయండి. గేట్‌వే జవాబిచ్చి ఇది జవాబివ్వకపోతే రౌటర్ దాటాక తెగింది. మూడోది, ఏదైనా పెద్ద వెబ్‌సైట్ పేరుతో పింగ్ చేయండి. 8.8.8.8 జవాబిచ్చి, పేరుతో చేసినప్పుడు హోస్ట్ దొరకలేదని వస్తే దారి బాగానే ఉంది, పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్ ఒక్కటే పనిచేయడం లేదు.

కొన్ని రౌటర్లు, కొన్ని వెబ్‌సైట్లు పింగ్‌కు కావాలనే జవాబివ్వవు. కాబట్టి ఒక్క చిరునామా మౌనంగా ఉందని తీర్పు చెప్పకుండా 1.1.1.1 లాంటి మరో చిరునామాతో కూడా సరిచూసుకోవాలి.

వచ్చి పోయే సమస్యకు ఇదే పరీక్షను కాసేపు నడవనివ్వాలి. విండోస్‌లో చిరునామా తర్వాత ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి టీ అక్షరం చేరిస్తే ఆపేదాకా పింగ్ సాగుతూనే ఉంటుంది. మ్యాక్‌లో ఏమీ చేర్చకుండానే సాగుతుంది. కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగుతుంది. రెండు కిటికీలు పక్కపక్కన తెరిచి ఒకదానిలో గేట్‌వేకు, మరొకదానిలో 8.8.8.8 కు నడపండి. నెట్ ఆగిన క్షణంలో రెండింటిలోనూ జవాబులు ఆగితే తప్పు ఇంట్లో; గేట్‌వే వైపు వరుసలు నిలకడగా దిగుతూ, రెండోదాంట్లో మాత్రమే రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్ అని వస్తుంటే తప్పు రౌటర్ దాటాక. ఈ ఒక్క పరీక్షతో తేలిపోయే వాదాలు ఎన్నో ఉన్నాయి.

తప్పు డీఎన్ఎస్‌లో ఉంటే

దీని పరిష్కారం తేలిక. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ తర్వాత ఖాళీ, వాలుగీత, ఫ్లష్‌డీఎన్ఎస్ (ipconfig /flushdns) అని కొడితే పాత జవాబుల నిల్వ చెరిగిపోతుంది. అయినా పని జరగకపోతే పరికరం నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ చిరునామాను 8.8.8.8 గా గానీ, క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ 2018లో మొదలుపెట్టిన 1.1.1.1 గా గానీ మార్చి చూడండి. ఫలితం కనిపిస్తే అదే మార్పును రౌటర్‌లో చేస్తే ఇంట్లోని పరికరాలన్నింటికీ వర్తిస్తుంది.

చిరునామాల చిక్కులు

169.254 కనిపించిన పరికరంలో ముందు వైఫై ఆపి మళ్లీ ఆన్ చేయండి. కుదరకపోతే ఆ నెట్‌వర్క్‌ను ఫర్‌గెట్ చేసి, పాస్‌వర్డ్ మళ్లీ ఇచ్చి కలపండి. పరికరంలో చిరునామా ఆటోమేటిక్‌గా తీసుకునేలా ఉందో, ఎవరైనా చేత్తో ఇచ్చి వదిలేశారో చూడండి. రెండు పరికరాలకు ఒకే చిరునామా పడితే ఒకటి వచ్చినప్పుడు మరొకటి పోతూ ఉంటుంది. ప్రింటర్లకూ కెమెరాలకూ చేత్తో చిరునామాలు ఇచ్చిన ఇళ్లలో ఇది తరచుగా జరుగుతుంది. వాటికి ఆ పరికరాల్లో ఇవ్వకుండా, రౌటర్‌లోనే అడ్రస్ రిజర్వేషన్ అనే చోట కేటాయించడం మంచి పద్ధతి.

పాత రౌటర్‌ను పారేయకుండా వైఫై దూరం పెంచుకోవడానికి వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. దాన్ని కొత్త రౌటర్‌కు కేబుల్‌తో కలిపి అలాగే వదిలేస్తే రెండూ చిరునామాలు పంచడం మొదలుపెడతాయి. కొన్ని పరికరాలు సరైన రౌటర్‌నూ, కొన్ని పాత రౌటర్‌నూ గేట్‌వేగా తీసుకుంటాయి. ఇంట్లో సగం మందికి నెట్ వస్తుంది, సగం మందికి రాదు, పైగా రోజూ ఆ సగాలు మారుతుంటాయి. పాతదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే చిరునామాలు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే తీరులోకి, మార్చండి. ఆ మోడ్ లేకపోతే అందులో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపి, దానికి కొత్త రౌటర్‌తో తలపడని చిరునామా ఒకటి ఇచ్చి, కేబుల్‌ను దాని ల్యాన్ పోర్టులోనే (ఇంటి పరికరాలను కలిపే పోర్టు) పెట్టండి.

ఎవరైనా సర్దుతూ ఒకే కేబుల్ రెండు కొసలనూ ఒకే నెట్‌వర్క్ స్విచ్‌లో (కేబుళ్లను కలిపే పెట్టె) గుచ్చినా ఇంట్లోని నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోతుంది. సందేశాలు ఆ వలయంలో తిరుగుతూనే ఉండి మరేదానికీ చోటివ్వవు. పోర్టుల లైట్లన్నీ ఒకేసారి ఆగకుండా వేగంగా కొట్టుకుంటుంటే కేబుల్ కొసలను ఒక్కొక్కటే వెంబడించి చూడండి.

వైఫై

ఎక్కువ ఇళ్లలో నెట్ సమస్య అని పిలిచేది నిజానికి వైఫై సమస్యే. దీన్ని నిర్ధారించుకోవడం సులువు: ఫోన్ పట్టుకుని రౌటర్ ఉన్న గదిలోకి వెళ్లి రెండు మీటర్ల దూరంలో నిలబడండి. అక్కడ బాగుండి, పడకగదిలో బాగోకపోతే సంస్థకు ఫోన్ చేసి ప్రయోజనం లేదు.

వైఫై ముఖ్యంగా రెండు బ్యాండ్లలో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది, వేగం తక్కువ, రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడలు అడ్డం వస్తే తొందరగా బలహీనపడుతుంది. 2.4 లో చానెళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కో రౌటర్ ప్రసారం మాత్రం దాదాపు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది. అందువల్ల ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే చానెళ్లుగా 1, 6, 11 నే ఎంచుకుంటారు. పక్కింటి రౌటర్ 6 లో ఉందని మీరు 8 కి మారితే తప్పించుకున్నట్టు కాదు. ఒకే చానెల్లో ఉంటే రౌటర్లు వంతులవారీగా మాట్లాడుకుంటాయి, సగం సగం కలిస్తే ఒకదాని మాట మరొకదానికి చప్పుడుగా మాత్రమే వినిపిస్తుంది. ఈ బ్యాండ్‌కు చానెల్ వెడల్పును కూడా 20 కే పరిమితం చేయడం మంచిదని నా అభిప్రాయం. 40 పెడితే అంకెల్లో వేగం పెరిగినట్టు కనిపించినా, రద్దీ ఉన్న చోట నిలకడ పోతుంది.

మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. వంటింట్లో అది తిరుగుతున్నంతసేపూ వీడియో ఆగి, గంట మోగగానే మళ్లీ కదులుతుంటే కారణం అదే. ఆ గదిలో వాడే పరికరాలను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. 5 లో మరో విశేషం ఉంది: అందులో 52 నుంచి 144 వరకూ ఉన్న చానెళ్లలో చాలావాటిని రాడార్లు కూడా వాడతాయి కాబట్టి, రాడార్ సంకేతం విన్న రౌటర్ ఆ చానెల్ వదిలి వేరేచోటికి పోవాలి. మీ 5 గిగాహెర్ట్జ్ పేరు అప్పుడప్పుడూ ఒకటి రెండు నిమిషాలు మాయమై మళ్లీ కనిపిస్తుంటే చానెల్‌ను 36 నుంచి 48 లోపు స్థిరంగా పెట్టి చూడండి.

రౌటర్ పెట్టే చోటు విషయంలో చాలామంది అశ్రద్ధ చేస్తారు. లైను ఎక్కడ ఇంట్లోకి వస్తే అక్కడే, టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో, చెక్క తలుపుల అలమర లోపలో పెట్టేస్తారు. లోహమూ, నీరూ, అద్దాల వెనక ఉండే లోహపు పూతా సంకేతానికి పెద్ద అడ్డంకులు. చేపల తొట్టె వెనక రౌటర్ పెడితే ఆ వైపు గదికి సిగ్నల్ సరిగా చేరదు. ఇంటికి మధ్యగా, నేలకు ఒకటిన్నర మీటరు పైన, నాలుగు వైపులా ఖాళీగా ఉండేలా పెట్టండి. యాంటెన్నాలు నిలువుగా ఉంటే సంకేతం అడ్డంగా పరుచుకుంటుంది. యాంటెన్నా కొన మీ గది వైపు చూపిస్తే సిగ్నల్ పెరగదు, తగ్గుతుంది.

సిగ్నల్ బలాన్ని గీతలతో కాకుండా అంకెలతో చూడటం నేర్చుకోండి. వైఫై అనలైజర్ తరహా యాప్‌లు దాన్ని డీబీఎం అనే మైనస్ అంకెల్లో చూపిస్తాయి. సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 చాలా బాగుంది, మైనస్ 67 వీడియో కాల్‌కు సరిపోతుంది, మైనస్ 80 దాటితే పని జరగదు. రిపీటర్ కొన్నవారు దాన్ని సిగ్నల్ లేని గదిలో పెట్టడం నేను చాలా చోట్ల చూశాను. తనకే సరిగా వినిపించనిదాన్ని అది ఎదుటివారికి ఎలా చెప్పగలదు? రౌటర్‌కూ ఆ గదికీ మధ్య, సిగ్నల్ ఇంకా మైనస్ 65 దగ్గర ఉన్న చోట పెట్టాలి. ఒకే బ్యాండ్‌తో పనిచేసే రిపీటర్ వినడమూ చెప్పడమూ వంతులవారీగా చేస్తుంది కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుందనీ తెలిసి ఉండాలి. కేబుల్ లాగగలిగితే అంతకన్నా మేలైన ఉపాయం లేదు.

పాత పరికరం ఒకటి ఎంతకీ కలవకపోతే రౌటర్ భద్రతా సెట్టింగు చూడండి. డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతి మాత్రమే పెట్టి ఉంటే పాతవి కలవలేవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ పెట్టాలి. స్మార్ట్ బల్బుల్లాంటివి చాలావరకు 2.4 లోనే కలుస్తాయి.

కేబుల్

నెట్‌వర్క్ కేబుల్ లోపల నాలుగు జతలుగా మెలిపెట్టిన ఎనిమిది తీగలుంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి అందులో రెండు జతలు చాలు. గిగాబిట్‌కు మాత్రం నాలుగూ కావాలి. ఈ తేడా వల్ల ఒక విచిత్రమైన లోపం పుడుతుంది: మిగతా రెండు జతల్లో తీగ తెగినా కనెక్షన్ ఆగదు, వేగం మాత్రం పడిపోతుంది.

నా కంప్యూటర్ విషయంలో ఇదే జరిగింది. ప్లాన్ 300 మెగాబిట్లది, కానీ స్పీడ్ టెస్ట్ ఎన్నిసార్లు చేసినా 94 దగ్గరే ఆగేది. ఒకసారి 93, ఒకసారి 94, అంతకు పైకి పోయేది కాదు. వేగం ఎక్కడో తగ్గిపోతుంటే అంకె పైకీ కిందికీ కదలాలి. ఇలా ఒకే గోడకు తగిలినట్టు ఆగిందంటే అది 100 మెగాబిట్ల లింకు తప్ప మరొకటి కాదు, ఎందుకంటే ఆ లింకు మీద మనకు మిగిలేది దాదాపు అంతే. కేబుల్ కొసను వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాను. పారదర్శకమైన ప్లగ్గు లోపల ఏడు తీగలు చివరిదాకా వెళ్లి ఇత్తడి రంగు పళ్ల కింద ఆగాయి. ఎనిమిదోది, గోధుమరంగుది, బియ్యపు గింజ వెడల్పంత వెనకే ఉండిపోయింది. ప్లగ్గు మార్చాక మొదటి టెస్టులోనే 290 దాటింది. మీ స్పీడ్ టెస్ట్ 95 లోపు అతుక్కుపోయి ఉంటే ముందు కేబుల్‌నే మార్చి చూడండి.

ప్లగ్గు మీద ఉండే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగినా అది పోర్టులో నిలవక, టేబుల్ కదిలినప్పుడల్లా జారి నెట్ పోతుంటుంది. గుచ్చినప్పుడు టక్కుమని వినిపించాలి.

నెట్ ఉంది గానీ నెమ్మదిగా ఉంటే

ప్లాన్ చెప్పే వేగం మెగాబిట్లలో, డౌన్‌లోడ్ చూపించే వేగం సాధారణంగా మెగాబైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్ల ప్లాన్‌లో 12 మెగాబైట్ల వేగంతో ఫైలు దిగుతుంటే ఏ లోపమూ లేదు. టెస్ట్ ఎప్పుడూ కేబుల్ పెట్టి, మిగతా పరికరాలు ఖాళీగా ఉన్నప్పుడు, వేర్వేరు వేళల్లో చేయాలి.

వేగం సరిగానే ఉన్నా కాల్స్ తెగుతుంటే అప్‌లోడ్ వైపు చూడండి. ఎవరి ఫోనో ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే రౌటర్ దగ్గర వరుస పెరిగిపోయి, మిగతావారి చిన్న చిన్న సందేశాలు ఆ వరుస వెనక నిలబడాల్సి వస్తుంది. 8.8.8.8 కు పింగ్ నడుపుతూ ఒక పెద్ద ఫైలు అప్‌లోడ్ చేయండి. 20 ఉన్న అంకె 300 కు, 500 కు ఎగిరితే ఇదే కారణం. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పనికి ముందు దారి ఇవ్వాలో చెప్పే) సెట్టింగు ఉంటే దాన్ని ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని మీకు నిజంగా వచ్చే వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి.

కొన్ని సైట్లు మాత్రమే తెరుచుకోకపోతే

పరికరం గడియారం, తేదీ చూడండి. అవి తప్పితే సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అడ్డుకుంటుంది. ఆపకుండా వదిలేసిన వీపీఎన్ గానీ, మరచిపోయిన ప్రాక్సీ సెట్టింగు గానీ ఉందేమో చూడండి; రెండూ మన నెట్‌ను మరో సర్వర్ మీదుగా తిప్పేవే. పీపీపీఓఈ కనెక్షన్‌లో కొన్ని పేజీలు సగం తెరుచుకుని ఆగిపోతుంటే రౌటర్‌లో ఎంటీయూ (ఒక్కో సందేశపు గరిష్ఠ పరిమాణం) 1500 కాకుండా 1492 ఉండాలి.

రీసెట్ చేయక తప్పకపోతే

రౌటర్ పాస్‌వర్డ్ మరచిపోయినప్పుడో, అమరికలు పూర్తిగా చెడినప్పుడో మాత్రమే. అంతకు ముందు పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వైఫై పేరు, కనెక్షన్ రకం, వీల్యాన్ అంకె (సంస్థ కనెక్షన్‌కు వాడే గుర్తింపు అంకె) ఉంటే అది, అన్నీ రాసుకోండి. సెట్టింగుల పేజీని ఫోన్‌తో ఫొటో తీసినా చాలు. బ్యాకప్ సదుపాయం ఉంటే ఫైలు దాచుకోండి. ఈ వివరాలు లేకుండా రీసెట్ నొక్కినవారు అప్పటిదాకా చిన్నగా ఉన్న సమస్యను టెక్నీషియన్ వచ్చేదాకా నెట్ లేని స్థితికి తెచ్చుకుంటారు. సంస్థే ఇచ్చిన డబ్బా అయితే వాళ్లను అడగకుండా రీసెట్ చేయవద్దు.

సంస్థకు ఫోన్ చేసేటప్పుడు

పరీక్షలన్నీ బయటి లైనునే చూపిస్తే అప్పుడు ఫోన్ చేయండి. నెట్ రావడం లేదు అని మాత్రమే చెబితే అవతలివారు రౌటర్ ఆపి మళ్లీ వేయమంటారు. అలా కాకుండా ఏ రోజు ఎన్ని గంటలకు ఆగిందో, ఎల్ఓఎస్, పాన్ లైట్లు ఎలా ఉన్నాయో, కేబుల్‌తో గేట్‌వేకు పింగ్ వెళ్తూ 8.8.8.8 కు ఆగుతోందనీ, రీస్టార్ట్ చేసి చూశామనీ వరుసగా చెప్పండి. ఫైబర్ అయితే మీ డబ్బాకు అందుతున్న కాంతి ఎంత అని అడగండి. కొన్ని డబ్బాల సెట్టింగుల పేజీలో మీకే కనిపిస్తుంది. ఇళ్లకు ఎక్కువగా వాడే జీపాన్ రకం ఫైబర్ కనెక్షన్లలో అది మామూలుగా మైనస్ 8 కీ మైనస్ 27 డీబీఎంకీ మధ్య ఉండాలి. మైనస్ 27 అంచున ఊగుతుంటే లైనులో ఎక్కడో అతుకు చెడిందనో, కనెక్టర్‌కు మురికి పట్టిందనో అర్థం, దాన్ని ఇంట్లో కూర్చుని బాగుచేయలేం. ఫిర్యాదు సంఖ్య తీసుకుని మీరు మొదట రాసుకున్న కాగితం మీదే దాన్ని కూడా రాయండి; టెక్నీషియన్ వచ్చి వెళ్లాక అదే మూడు పింగ్‌లు ఆయన ఎదుటే మళ్లీ చేసి, కాంతి అంకె ఎంతకు వచ్చిందో దాని పక్కనే రాసి ఉంచండి.